మధ్యవర్తి దగ్గరికి పంపేది కోర్టు, ఒప్పుకోవాల్సింది మనం

"ఏం సార్, నాలుగేండ్లు వాయిదాలకు తిప్పి మళ్లీ పంచాయితీకే పొమ్మంటున్నారే! ఊర్లో పంచాయితీ తెగుంటే నేను దావా ఎందుకు వేస్తాను?"

వకీలుగా తిరుపతి కోర్టు వరండాలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అడిగే మనిషి చంద్రగిరి వైపు నుంచో రామచంద్రాపురం వైపు నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చిన రైతు. చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో పాసుపుస్తకం, తండ్రి నాటి దస్తావేజు జిరాక్సు. లోపల జడ్జిగారు ఆయన దావాను మధ్యవర్తిత్వానికి పంపుతున్నట్టు చెప్పి, ఫలానా రోజు హాజరు కమ్మని తేదీ ఇచ్చారు. జరిగింది అంతే. బయటికొచ్చేసరికి మాత్రం కేసు కొట్టేశారేమోనన్న దిగులు, అవతలివాడు ఎవరినో పట్టుకున్నాడేమోనన్న అనుమానం ఆయన మొహంలో కనబడుతుంటాయి.

తప్పు ఆయనది కాదు. చిక్కు మాటలోనే ఉంది. ఊర్లో మధ్యవర్తి అంటే ఇద్దరి మాటా విని "నువ్వింత ఇయ్యి, నువ్వింత తీసుకో" అని తేల్చేసే పెద్దమనిషి. మామిడి మండీలో మధ్యవర్తి అంటే కమీషను తీసుకునే దళారి. పోలీసులు సోదా చేసినప్పుడు పంచనామా మీద సంతకం పెట్టేవాళ్లనూ మన దగ్గర మధ్యవర్తులనే రాస్తారు. 1996 నాటి చట్టం కింద తీర్పు చెప్పే ఆర్బిట్రేటరును కూడా పత్రికలు మధ్యవర్తి అనే అంటాయి. కోర్టు పంపే మధ్యవర్తి ఈ నలుగురిలో ఎవరూ కాదు. తీర్పు చెప్పడు, కమీషను తీసుకోడు, రేపు ఎవరి తరఫునా సాక్ష్యం చెప్పడు. శిక్షణ పొందిన న్యాయవాదో, రిటైరైన జడ్జో, మరొకరో అయి ఉంటారు. ఇరుపక్షాలూ మాట్లాడుకునేలా చేయడం వరకే వాళ్ల పని.

ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే మిగతాదంతా విడిపోతుంది. ఆ గదికి వెళ్లమని కోర్టు మనల్ని ఆదేశించగలదు. ఆ గదిలో ఒప్పుకోమని మాత్రం ఎవరూ ఆదేశించలేరు.

పంపే అధికారం ఎక్కడిది

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 89వ సెక్షన్ నుంచి వచ్చింది. 1999 నాటి సవరణతో దీన్ని చేర్చారు, 2002 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. రాజీకి వీలుందని తోచిన దావాను కోర్టు బయటి దారుల్లోకి మళ్లించవచ్చు. ఆర్బిట్రేషన్, కన్సిలియేషన్ (సయోధ్య), లోక్ అదాలత్‌తో కలిపి న్యాయస్థానం ద్వారా రాజీ, మీడియేషన్ (మనం చెప్పుకుంటున్న మధ్యవర్తిత్వం) అని నాలుగు దారులు అందులో ఉన్నాయి. ఈ సవరణల మీద సేలం న్యాయవాదుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు సవరణలను సమర్థించి, అమలు ఎలాగో తేల్చమని అప్పటి లా కమిషన్ చైర్మన్ జస్టిస్ ఎం. జగన్నాథరావు నాయకత్వంలో కమిటీ వేసింది. ఆయన మన తెలుగువారే. ఆ కమిటీ రాసిన నమూనా నియమాలు 2005లో సుప్రీంకోర్టు ఆమోదం పొంది హైకోర్టులకు వెళ్లాయి. ఈ రోజు ఏ జిల్లా కోర్టులో మధ్యవర్తి ముందు కూర్చున్నా, ఆ గది పద్ధతుల్లో ఎక్కువ భాగం అక్కడినుంచి వచ్చినవే.

సెక్షన్ రాతలో మాత్రం ఒక పెద్ద తికమక మిగిలిపోయింది. అది విడిపోయింది 2010లో, అఫ్కాన్స్ కేసులో. కొచ్చిన్ పోర్టు పనుల్లో సబ్ కాంట్రాక్టరు బాకీ కోసం దావా వేస్తే, అఫ్కాన్స్ కంపెనీ ఒప్పుకోకపోయినా కింది కోర్టు ఆ వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు పంపింది. కేరళ హైకోర్టు సరేనంది. సుప్రీంకోర్టు కాదంది. 89వ సెక్షన్‌లో మీడియేషన్‌కు ఇవ్వాల్సిన నిర్వచనం న్యాయస్థాన రాజీకి, దానికివ్వాల్సింది మీడియేషన్‌కు తారుమారుగా పడిపోయాయని, తిప్పి చదువుకోవాలని చెప్పింది. చట్టం రాతలో దొర్లిన తప్పును కోర్టే సరిచేసి చదవడం అరుదుగా జరిగే పని.

మనకు పనికొచ్చే భాగం ఆ తీర్పులో ఇంకొకటుంది. ఆర్బిట్రేషన్‌కు, కన్సిలియేషన్‌కు పంపాలంటే ఇరుపక్షాల సమ్మతి తప్పనిసరి. ఆర్బిట్రేషన్‌కు వెళితే కేసు ఆ కోర్టు చేయి దాటిపోతుంది, అక్కడ ఇచ్చే అవార్డుకు, అంటే ఆర్బిట్రేటరు తీర్పుకు కట్టుబడాల్సిందే. మీడియేషన్‌కు, లోక్ అదాలత్‌కు పంపడానికి సమ్మతి అక్కర్లేదు. ఎందుకంటే అక్కడ మీకు నచ్చనిది మీ మీద పడదు. దావా కోర్టులోనే ఉంటుంది, ఉన్న ఇంజక్షన్ (నిలుపుదల) ఉత్తర్వు అలాగే ఉంటుంది, కుదరకపోతే ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలవుతుంది. వరండాలో ఆ రైతుకు నేను మొదట చెప్పేది ఇదే. "నీ దావా ఎక్కడికీ పోలేదు పెద్దాయనా, నంబరు నంబరే."

ఎప్పుడు పంపాలన్నదీ ఆ తీర్పే చెప్పింది. మామూలు దావాల్లో ప్లెయింటు (వాది దావా పత్రం), రిటన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది జవాబు) రెండూ దాఖలయ్యాక, ఇష్యూలు, అంటే కోర్టు తేల్చాల్సిన అంశాలు ఖరారు కాకముందు. భార్యాభర్తల తగాదాల్లో మాత్రం నోటీసు అందగానే, కౌంటరు (జవాబు) వేయకముందే. కౌంటరులో ఒకరి గురించి ఒకరు రాసుకున్న మాటలు చదివాక మనసులు ఇంకా విరిగిపోతాయి. ఆ కాగితాలు చూసేవాళ్లకు తెలుసు, అది ఎంత నిజమో.

పంపకూడనివి

ప్రతి దావా ఈ దారికి సరిపోదు. చాలామంది తరఫున ఒకరు వేసే ప్రాతినిధ్య దావాలు, ఎన్నికల వివాదాలు, వీలునామాకు ప్రొబేటు (కోర్టు ధ్రువీకరణ) లాంటి కోర్టు విచారించి ఇవ్వాల్సిన అధికారాలు, క్రిమినల్ ప్రాసిక్యూషన్లు మినహాయింపు. మోసం, ఫోర్జరీ, వేరే మనిషిని నిలబెట్టి సంతకం పెట్టించడం లాంటి తీవ్రమైన, నిర్దిష్టమైన ఆరోపణలున్నవి కూడా అంతే. తిరుపతి చుట్టుపక్కల ప్లాట్ల ధరలు తెలిసినవాళ్లకు ఈ చివరి మాట ఎందుకు ముఖ్యమో వివరించక్కర్లేదు. దొంగ దస్తావేజు పుట్టించినవాడితో సగం సగం పంచుకోమనడం రాజీ అనిపించుకోదు.

ఇంకొకటుంది, మన ఊరికి దగ్గరిది. మైనర్ల మీద, మతిస్థిమితం లేనివారి మీద, దేవతామూర్తుల మీద వేసే క్లెయిములు, ప్రభుత్వం మీద వేసే హక్కు ప్రకటన దావాలు మామూలుగా మీడియేషన్‌కు తగవని అఫ్కాన్స్ తీర్పు చెప్పింది. చట్టం దృష్టిలో దేవుడికి ఆస్తి ఉంటుంది, కానీ తన మాట తాను చెప్పుకోలేడు. ఆయన తరఫున ఎవరో కూర్చుని "పోనీలే, రెండెకరాలు వదిలేస్తాం" అంటే అడిగేవాళ్లుండరు. గుడి మాన్యాలు, మఠం భూములు ఇన్ని ఉన్న జిల్లాలో ఈ రక్షణ ఉండితీరాలి.

మైనరు వాటా ఉన్న భాగపరిష్కారం (ఆస్తి పంపకం) దావాలో పెద్దవాళ్లు రాజీకొస్తే? దానికి వేరే దారి ఉంది. 32వ ఆర్డరు 7వ రూలు ప్రకారం, ఆ రాజీ పిల్లవాడికి మేలేనని తృప్తి చెంది కోర్టు అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతి లేని రాజీని ఆ పిల్లవాడు రద్దు చేయించుకోవచ్చు.

తగినవి ఏవంటే అన్నదమ్ముల పంపకాలు, దారి తగువులు, ఇంటి ఓనరు–అద్దెదారు గొడవలు, వ్యాపార బాకీలు, రోడ్డు ప్రమాద పరిహారాలు. కేసు అయిపోయాక కూడా రోజూ ఒకరి మొహం ఒకరు చూడాల్సిన మనుషుల మధ్య ఉండే వివాదాలన్నీ.

ఆ గదిలో

కోర్టు హాలులా ఉండదు. ఎత్తు బల్ల లేదు, బోను లేదు, బంట్రోతు పిలుపు లేదు. ఒక టేబులు, చుట్టూ కుర్చీలు. మొదటిసారి వచ్చిన కక్షిదారు గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడిపోతాడు. "కూర్చోండి" అంటే వెనక్కి తిరిగి తన వకీలు మొహం చూస్తాడు. కోర్టులో కూర్చోవచ్చని అప్పటిదాకా ఎవరూ ఆయనకు చెప్పి ఉండరు. ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాకే అసలు మాట మొదలవుతుంది. వకీలు పక్కన ఉండవచ్చు, సలహా ఇవ్వవచ్చు. మాట్లాడాల్సింది మాత్రం కక్షిదారే.

మన జిల్లాలో తగువు ముదిరితే "కాణిపాకం పోదాం రా, ప్రమాణం చెయ్యి" అంటారు. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధమాడేవాడు ఉండడన్న నమ్మకం అది. కోర్టులో కూడా సాక్షి ప్రమాణం చేశాకే నోరు విప్పుతాడు. మధ్యవర్తి గదిలో ఎవరూ ప్రమాణం చేయరు. సాక్ష్యాలుండవు, ఎదుటి వకీలు సాక్షిని అడిగే క్రాస్ ప్రశ్నలుండవు. ఎవరు అబద్ధమాడారో తేల్చడం అక్కడి పని కాదు. ఇది చాలామందికి మింగుడుపడదు. "నా తప్పు లేదని రాసిస్తారా సార్?" అని అడుగుతారు. రాయరు. పరువు నిలబెట్టే తీర్పే కావాలంటే కోర్టులోనే ఉండాలి, అలా కోరుకోవడం తప్పూ కాదు. కయ్యకు నీళ్లు పారాలి, బాకీ చేతికి రావాలి, దారి తెరుచుకోవాలి అంటే మాత్రం ఈ గది పనికొస్తుంది.

అక్కడ మాట్లాడినది అక్కడే ఆగిపోవాలి. ఆడియో, వీడియో రికార్డింగులు ఉండవు. ఒక పక్షం "ఐదు లక్షలకైతే సరే" అని, చివరికి కుదరక కోర్టుకు తిరిగివస్తే, "ఆ రోజు ఐదు లక్షలకు ఒప్పుకున్నాడు" అని ఎదుటి వకీలు కోర్టులో అనకూడదు. మధ్యవర్తిని సాక్షిగా పిలవకూడదు. ఒక కేసులో మధ్యవర్తి లోపల జరిగినదంతా నివేదికలో రాసి పంపితే, 2010లో సుప్రీంకోర్టు అది పద్ధతి కాదంది. కుదిరితే సంతకాలైన ఒప్పందం పంపాలి, కుదరకపోతే కుదరలేదని ఒక్క వాక్యం. ఎవరు మొండికేశారో కూడా చెప్పకూడదు.

అందుకే ఇక్కడ నిజం కేసు చెప్పలేను. చెప్పేది కల్పించిన ఉదాహరణ, కానీ ఇలాంటివి చూడని వకీలు ఈ జిల్లాలో ఉండడు.

చంద్రగిరి మండలంలో నాలుగెకరాలు. రెండెకరాలు బెంగళూరా మామిడి తోట, రెండెకరాలు మెట్ట. ఇద్దరు అన్నదమ్ములు. బోరు ఒక్కటే, అన్న సాగు చేసుకునే వైపు పడింది. వేసవిలో మాట తేడా వచ్చి అన్న స్టార్టరు పెట్టెకు తాళం వేశాడు. తమ్ముడు భాగపరిష్కారం దావా వేశాడు.

కోర్టు దీన్ని చివరిదాకా నడిపితే ఏం వస్తుంది? ముందు ప్రాథమిక డిక్రీ. ఎవరికెంత వాటా అన్నది మాత్రమే అందులో ఉంటుంది. తర్వాత తుది డిక్రీకి పిటిషను. అడ్వొకేటు కమిషనరు సర్వేయరును వెంటబెట్టుకుని పొలం మీదికి వస్తారు, కొలుస్తారు, ప్లాను వేస్తారు, దాని మీద అభ్యంతరాలు. తర్వాత అప్పీళ్లు. ఇవన్నీ దాటినా డిక్రీ గట్టు వేయగలదు గానీ, నీళ్ల సంగతిని ఇద్దరికీ కుదిరేలా తేల్చలేదు. మధ్యవర్తి గదిలో మాట అక్కడినుంచే మొదలవుతుంది. పగలు వచ్చే తొమ్మిది గంటల కరెంటులో ఎవరికెన్ని గంటలు? రోజు మార్చి రోజా, వారానికి ఇన్ని రోజులని లెక్కా? మోటారు కాలిపోతే రీవైండింగు ఖర్చు ఎవరిది? బోరు ఎండిపోతే కొత్తది ఎవరి వైపు వేయాలి? చెట్ల మీదున్న ఈ ఏడు కాపు ఎవరు కోసుకోవాలి? ఇవేవీ ప్లెయింటులో ఉండవు. అన్నదమ్ములిద్దరికీ రాత్రి నిద్ర పట్టనివ్వనివి మాత్రం ఇవే.

ఇక్కడ అందరూ మరిచిపోయే మనిషి ఒకరున్నారు. చిత్తూరులో కాపురముంటున్న చెల్లెలు. "పెళ్లప్పుడే పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం సార్" అంటారు అన్నదమ్ములిద్దరూ ఒకే గొంతుతో. దావాలో కొట్టుకునేవాళ్లు ఈ ఒక్క విషయంలో కలిసిపోతారు. చట్టం అలా ఒప్పుకోదు. పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కును మన రాష్ట్రమే ముందుగా తెచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. 2005 కేంద్ర సవరణతో అది కూతుళ్లందరికీ విస్తరించింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పనిలేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ చెల్లెలు పక్షంగా లేకుండా అన్నదమ్ములిద్దరే సంతకాలు చేసుకుంటే ఆ ఒప్పందం ఆమెను కట్టదు. మూడేళ్ల తర్వాత ఆమె దావా వేస్తే కట్టిన గట్లన్నీ తెంచాల్సిందే. మంచి మధ్యవర్తి మొదటి రోజే అడిగే ప్రశ్న, "వాటాదారులంతా ఈ గదిలో ఉన్నారా?"

ఆమె వచ్చినా అన్నల ముందు నోరు విప్పదు. అప్పుడు పనికొచ్చేది విడి సమావేశం. మధ్యవర్తి ఒక్కొక్కరినీ వేరుగా కూర్చోబెట్టి మాట్లాడతారు. అక్కడ చెప్పినదాన్ని ఆమె ఒప్పుకుంటే తప్ప అవతలి పక్షానికి చేరవేయకూడదు. ఆమెకు కావాల్సింది పొలం కాకపోవచ్చు, కొడుకు ఇంజనీరింగు ఫీజుకు సరిపడా డబ్బు కావచ్చు. లేదా, డబ్బు వద్దు, పుట్టింటి పొలంలో తన పేరున పాతిక సెంట్లయినా ఉండాలనే పట్టుదల కావచ్చు. ఆ రెంటికీ తేడా అన్నలకు తెలియదు, వాళ్లు అడగలేదు గనక.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పాలి. చాలా కోర్టుల్లో ఈ పని మొక్కుబడిగా జరిగిపోతోంది. వకీళ్లం మేమే క్లయింటుతో "ఊరికే ఒకసారి వెళ్లి సంతకం పెట్టి రా" అంటాం. ఒకసారి ఒక కోర్టులో నా కక్షిదారు, ఎనభై దగ్గరపడిన ముసలామె, రెండు బస్సులు మారి వచ్చింది. అవతలి పక్షం రాలేదు. పది నిమిషాల్లో కుదరలేదని రాసి ఫైలు తిప్పి పంపేశారు. అవతలివాళ్లను మళ్లీ పిలిపించమని నేను ఆ రోజే గట్టిగా అడగాల్సింది. కావాలని ఎగ్గొట్టేవాళ్ల గురించి కోర్టుకు చెప్పి ఉత్తర్వులు కోరే వీలు నియమాల్లో ఉంది. దాన్ని వాడుకోవడమే తక్కువ.

గడువు, ఖర్చు

నమూనా నియమాల ప్రకారం మధ్యవర్తి ముందు మొదటిసారి హాజరు కావాల్సిన తేదీ నుంచి 60 రోజులు. కోర్టు మరో 30 రోజులు పెంచవచ్చు. 2023 నాటి మీడియేషన్ చట్టం 120 రోజులు, పక్షాలు ఒప్పుకుంటే మరో 60 అంటోంది. ఆ చట్టం పేరు చెప్పి చాలామంది గందరగోళపడుతున్నారు. 2023 అక్టోబరు 9న అమల్లోకి తెచ్చింది అందులో కొన్ని సెక్షన్లనే, ఆ గడువు సెక్షన్ ఆ నోటిఫికేషన్‌లో లేదు. దావా వేయకముందే మీడియేషన్‌కు వెళ్లి తీరాలన్న నిబంధన కూడా మామూలు సివిల్ దావాలకు ఆ చట్టంలో లేదు. అది ఉన్నది వాణిజ్య వివాదాలకు. కమర్షియల్ కోర్టుల చట్టం 12ఎ సెక్షన్ కింద, అత్యవసర ఉత్తర్వు కోరని వాణిజ్య దావా ముందుగా మీడియేషన్ గడప తొక్కకుండా వస్తే ప్లెయింటును తిరస్కరిస్తారు. ఇది తప్పనిసరేనని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ చట్టం వర్తించేది మూడు లక్షల రూపాయలకు తగ్గని వివాదాలకు. తిరుపతి హోటళ్లకు సరుకు వేసే వ్యాపారులు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఖర్చు విషయంలో భయం అక్కర్లేదు. కోర్టుకు అనుబంధంగా, న్యాయ సేవాధికార సంస్థల ద్వారా నడిచే కేంద్రాల్లో మధ్యవర్తి మీ దగ్గర ఫీజు అడగరు. కోర్టు ఫీజు సంగతి వేరు. 89వ సెక్షన్ కింద పంపిన దావా రాజీ అయితే వాది కట్టిన ఫీజు మొత్తం వాపసు అని 1870 నాటి కోర్టు ఫీజుల చట్టం 16వ సెక్షన్ అంటుంది. మన రాష్ట్రానికి 1956 నాటి సొంత చట్టం ఉంది కాబట్టి, రాజీ మెమోలోనే వాపసు కోరుతున్నట్టు రాయించి, ఆ ఉత్తర్వు డిక్రీలో పడేలా చూసుకోండి. తర్వాత అడుగుదామంటే ఫైలు రికార్డు రూముకు వెళ్లిపోతుంది.

సంతకం పెట్టేముందు

కుదిరిన ఒప్పందం ఆ గదిలోనే డిక్రీ అయిపోదు. లోక్ అదాలత్ అవార్డుకైతే 1987 నాటి న్యాయ సేవల చట్టం 21వ సెక్షన్ ప్రకారం డిక్రీ హోదా దానంతటదే వస్తుంది. మీడియేషన్ ఒప్పందం మాత్రం పంపిన కోర్టుకు తిరిగి వెళ్లాలి. జడ్జిగారు చదివి, చట్టబద్ధమేనని చూసుకుని, 23వ ఆర్డరు 3వ రూలు కింద రాజీ డిక్రీ ఇస్తారు.

ఆ డిక్రీ మీద అప్పీలు లేదు, 96వ సెక్షన్ అడ్డుకుంటుంది. రాజీ చెల్లదంటూ కొత్త దావా వేయడానికీ వీల్లేదు. మోసంతో సంతకం పెట్టించుకున్నారంటే డిక్రీ ఇచ్చిన కోర్టుకే వెళ్లి మొరపెట్టుకోవాలి. అంటే సంతకానికి ముందు రోజు వరకు మీరు పూర్తి స్వతంత్రులు, తర్వాత దాదాపు ఏమీ చేయలేరు. అందుకే తెలుగులో రాయించుకోండి. ఇంగ్లిషులో రాస్తే ప్రతి షరతూ తెలుగులో చదివి చెప్పమనండి. అర్థం కాకపోతే ఆ రోజు సంతకం పెట్టొద్దు, ఇంకో వాయిదా అడగండి. ఆ రోజే పెట్టి తీరాలని ఎవరూ బలవంతపెట్టలేరు.

షరతులు అమలు చేయించుకోగలిగేలా ఉండాలి. "తమ్ముడు చెల్లెలికి త్వరలో డబ్బు ఇస్తాడు" అన్న వాక్యం పట్టుకుని ఎగ్జిక్యూషన్ (డిక్రీ అమలు) పిటిషను వేయలేం. ఎంత, ఏ తేదీకి, ఏ బ్యాంకు ఖాతాకు, తప్పితే ఎంత వడ్డీ, రాతలో ఉండాలి. పొలానికి సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల చెక్కుబందీ, వీలైతే సర్వేయరు గీసిన ప్లాను. బోరు గంటలు, మోటారు ఖర్చు కూడా వదలొద్దు.

రిజిస్ట్రేషను గురించి అందరూ అడుగుతారు. దావాలో ఉన్న ఆస్తి గురించే రాజీ అయితే, ఆ డిక్రీకి రిజిస్ట్రేషను అక్కర్లేదని రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. దావాలో లేని ఆస్తిని, ఉదాహరణకు అన్నకు తిరుపతిలో ఉన్న ఇంటి స్థలాన్ని, పరిష్కారంలో కలిపితే ఆ మినహాయింపు దానికి వర్తించదు. దానికి రిజిస్టరు చేయించుకోవాల్సిందే. పంపకం తుది డిక్రీని స్టాంపు కాగితాల మీద దిగరాయించుకోవాలి, ఎందుకంటే స్టాంపు చట్టం దాన్ని విభజన పత్రంగానే చూస్తుంది. ఈ పని చేయక ఏళ్ల తరబడి డిక్రీని బీరువాలో దాచిపెట్టుకున్నవాళ్లను చూశాను. అమలు కోరడానికి గడువు 12 ఏళ్లు. అవతలివాళ్లు ఫలానా పని చేసి తీరాలన్న ఆదేశం, అంటే మ్యాండేటరీ ఇంజక్షన్ అయితే మూడేళ్లే.

సర్టిఫైడ్ కాపీ చేతికి వచ్చాక ఇంకో పని మిగిలి ఉంటుంది. ఆ కాపీతో మ్యుటేషనుకు, అంటే రెవెన్యూ రికార్డులో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. అది జరగనంతవరకు 1బీ అనే భూమి రికార్డులో ఆ నాలుగెకరాలు ఇంకా తండ్రి పేరునే కనబడుతుంటాయి.